దిగొచ్చాక కప్పుతాను

జోవిత పెరట్లో క్యారెట్లు కడుగుతోంది. అక్క రుఫీనా కంచె అవతలే ఆగి, చేతిలో సంచి కింద పెట్టకుండానే చెప్పింది, బయోసా ముసలమ్మకి మళ్లీ కల వచ్చిందని.

"ఎవరొచ్చారట?" అంది జోవిత. తెలియక అడిగిన మాట కాదది.

"ఇంకెవరొస్తారే? కొడుకే, దెల్ఫిన్. గుమ్మంలో నిలబడ్డాడట, చేతులు రెండూ చంకల్లో దోపుకుని. మాట్లాడలేదట, లోపలికీ రాలేదట."

"పదకొండేళ్లు రానివాడు ఇప్పుడెందుకొస్తాడు?"

"చచ్చినవాళ్ల ఇళ్లల్లో క్యాలెండర్లు వేలాడతాయనుకున్నావా? తెల్లారగానే పుల్దో తాతని పిలిపించుకుంది. ఆయన కోడిని కోసి, పిత్తం చూసి, వాడికి కప్పిన దుప్పటి సరైంది కాదన్నాడు. వాళ్ల నాన్న వంశానికి తొమ్మిది చారల దుప్పటి కప్పాలట. ఈవిడ ఐదు చారలదే నేసి పంపింది. ఇంకేముంది, నా పిసినారితనమే నా బిడ్డని వణికిస్తోందని గుండెలు బాదుకుంటోంది. అటక మీది మగ్గం దింపించింది. సూదిలో దారం ఎక్కించలేని కళ్లు, తొమ్మిది చారలు నేస్తుందట."

జోవిత చేతిలో క్యారెట్టు తొట్టిలోకి జారింది.

"నీ మొహమేంటి అలా పాలిపోయింది? నువ్వేం చేస్తావ్? ఇచ్చింది పట్టుకెళ్లి కప్పొచ్చావ్. చారలు లెక్కపెట్టుకోవాల్సింది వాళ్లు."

"అవును, కప్పొచ్చాను," అంది జోవిత.

పదకొండేళ్లుగా అంటున్న మాట. అని అని నున్నబడిపోయింది, నోట్లోంచి రావడానికి ఏమాత్రం కష్టపడదు. రుఫీనా వెళ్లిపోయాక మాత్రం జోవిత ఆ చన్నీళ్లలో చేతులు పెట్టి అలాగే కూర్చుండిపోయింది. ముసలమ్మ ఎవరినైనా తిట్టి ఉంటే బాగుండేది. తనని తాను తిట్టుకుంటోందన్న సంగతే జోవితకి మింగుడు పడలేదు.

మనీలాకి ఉత్తరాన కొండల్లో, కబయాన్ పట్నానికి పైన, పులాగ్ కొండకి ఎదురుగా ఉండే ఆ ఊరి పేరు దుయాంగ్. దుయాంగ్‌లో చచ్చినవాళ్లు ఊరికే ఉండరు. బతికుండగా నోరు తెరిచి అడగలేనివన్నీ చచ్చాక అడుగుతారు. ఆకలేస్తోందంటే పందిని కోసి పెట్టాలి. చలేస్తోందంటే పెట్టె తెరిచి, ఎముకలు తుడిచి, కొత్త దుప్పటి చుట్టి మళ్లీ మూయాలి. ఇందులో వింతేమీ లేదు. బతికున్నవాళ్లకి అంత చలేసే ఊళ్లో చచ్చినవాళ్లకి మాత్రం వెయ్యదా? ఆదివారం చర్చిలో మోకరిల్లినవాళ్లే సోమవారం పుల్దో తాత ఇంటికి పోతారు. పెద్దల పేర్లు వరసగా పిలిచి వాళ్లతో మాట్లాడగలిగింది ఇప్పుడాయనొక్కడే. అయితే చచ్చినవాళ్లు అందరినీ అడగరు. తమవాళ్లనుకున్నవాళ్ల కల్లోకే వస్తారు. కాదనుకున్న ఇంటివైపు తొంగైనా చూడరు.

దెల్ఫిన్ వాళ్లమ్మ కల్లోకి వచ్చాడు. జోవిత కల్లోకి ఒక్కసారీ రాలేదు.

ఇద్దరూ ఒకే బడిలో చదివి, ఒకే ఏడు మానేసినవాళ్లు. నుదుటికి పట్టీ వేసుకుని, క్యాబేజీ బస్తాలు లోయలోంచి రోడ్డు మీది లారీ దాకా మోశారు. తర్వాత పులాగ్ ఎక్కడానికి మనీలా నుంచి వచ్చేవాళ్ల సామాన్లు మోశారు. మనీలా వాళ్లు నాలుక బయట పెట్టి పైకి చేరేసరికి వీళ్లిద్దరూ అన్నం వార్చి, ఎండుచేప కాల్చి, ఆవులిస్తూ కూర్చునేవాళ్లు. ఒక పెద్దమనిషి అది చూసి, "మీకు ఊపిరితిత్తులు నాలుగేసి ఉన్నాయా?" అని అడిగి, నేపాల్ వెళ్లే జట్టులో పేర్లు రాయించాడు. అలా మొదలైంది. ఎనిమిది వేల మీటర్లు దాటిన కొండ ఒకటి ఎక్కారు, ఆ మరుసటేడు ఇంకొకటి.

ఆడది కొండలెక్కడమేంటని దుయాంగ్‌లో ఎవరూ అనలేదు. అక్కడి ఆడవాళ్లు పుట్టిన దగ్గర్నుంచీ ఎక్కుతూనే ఉంటారు. వాళ్లకి నవ్వొచ్చింది వేరే దానికి. "బస్తా లేకుండా పైకి పోతుందట, ఏమీ తేకుండా దిగొస్తుందట, దానికి డబ్బులిస్తారట," అని తపుయ్ సారా తాగుతూ చెప్పుకునేవాళ్లు. నూడుల్స్ కంపెనీ ఒకటి జోవిత ఖర్చులు పెట్టుకోవడం మొదలెట్టాక బాగియోలో సిటీ బస్సుల వెనకాల ఆమె బొమ్మ వేశారు, చేతిలో పొగలు కక్కే కప్పుతో. దెల్ఫిన్ ఆ బస్సు కనపడ్డప్పుడల్లా, "ఇంకా తినలేదేమే? చల్లారిపోయుంటుంది, నాలుగు నెలల్నుంచి పట్టుకునే ఉన్నావ్," అనేవాడు.

మూడో కొండ దగ్గర శిఖరం చేరకముందే వెనక్కి తిరగాల్సి వచ్చింది. దెల్ఫిన్ దగ్గితే నురగ పడుతోంది. దిగుతూ దిగుతూ, చివరి మకాంకి గంట దూరంలో, అరుగులాంటి ఒక బండ మీద కూలబడ్డాడు. "నువ్వు పద, ఒక్క నిమిషం కూర్చుని వస్తా," అన్నాడు. బస్తాలు మోసే రోజుల్లో రోజుకి పదిసార్లు అనే మాటే. జోవిత నడిచింది. గుడారం చేరి వెనక్కి చూస్తే దారి మీద ఎవరూ లేరు. మళ్లీ పైకి వెళ్లేంత ఊపిరి ఆమెలోనూ మిగల్లేదు. అంత ఎత్తునుంచి శవాన్ని దింపడం అయ్యే పని కాదు. అక్కడ చచ్చినవాళ్లు అక్కడే ఉండిపోతారు.

ఏడాది తిరక్కుండా బయోసాకి కలలు మొదలయ్యాయి. "అమ్మా, చలేస్తోంది," అంటాడట. తెరవడానికి పెట్టె లేదు, తుడవడానికి ఎముకలు లేవు. జోవిత మళ్లీ అదే కొండకి పోతోందని తెలిసి ముసలమ్మ మగ్గం ముందు కూర్చుంది. బయల్దేరే ముందురోజు దుప్పటి చంకన పెట్టుకుని వచ్చింది.

"వాడు కూర్చున్న చోటు నీ దారిలోనే ఉందా?"

"దారి పక్కనే అపో," అంది జోవిత. దుయాంగ్‌లో పెద్దవాళ్లని అపో అనే పిలుస్తారు.

"అయితే ఇది కప్పు. మెడ దాకా కప్పు, వాడికి చిన్నప్పట్నుంచీ మెడకే చలి. ఇదిగో, ఈ మూల ముడిలో నా వెంట్రుక వేసి నేశాను. చీకట్లో తడుముకున్నా అమ్మదేనని తెలుస్తుంది వాడికి. బరువుందా?"

కిలోన్నర ఉంటుంది. "ఇదేం బరువపో, క్యాబేజీ బస్తాలు మోసినదాన్ని," అని నవ్వింది జోవిత.

చివరి మకాం దాకా మోసింది కూడా. ఆ మాట నిజం. అక్కడ, శిఖరానికి బయల్దేరేముందు, ఆమెతో ఎక్కుతున్న ఫుర్బా అనే షెర్పా సంచి విప్పి చూసి, బతకడానికి అక్కర్లేనిదల్లా తీసి గుడారంలో పెట్టమన్నాడు. జోవిత రెండో కెమెరా తీసింది. తిండి సగం తీసింది. దుప్పటి తీసింది. మడత పెట్టిన కంపెనీ జెండా చూపించి ఫుర్బా మరి ఇదేంటన్నాడు. "అది నా అన్నం," అంది, దాన్ని మళ్లీ సంచిలో పెట్టుకుంది.

అప్పుడామె వేసుకున్న లెక్క ఇది. ముందు శిఖరం. దిగొచ్చి గుడారంలో పడుకుని, తెల్లారి దుప్పటి తీసుకుని పైకెళ్లి కప్పి రావడం. గంట నడకే కదా. అంత ఎత్తున రేపు ఎల్లుండి అనేవి ఉండవని అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. తెలిసీ ఆ లెక్క వేసుకుంది.

ఎక్కుతూ అతన్ని దాటింది. దెల్ఫిన్ అలాగే కూర్చునున్నాడు, ఎర్ర కోటు, మోకాళ్ల మీద మంచు, తలకున్న టోపీ ఒక పక్కకి జారి మెడ కనపడుతోంది. "దిగొచ్చాక కప్పుతాను, దెల్ఫిన్," అంది. ముక్కుకి తగిలించుకున్న ఆక్సిజన్ గొట్టంలో ఆ మాట ఆమెకే సరిగ్గా వినపడలేదు.

శిఖరం మీద పావుగంట ఉంది. జెండా పట్టుకుని ఫోటో దిగింది. దిగేటప్పుడు గాలి లేచింది. అతని పక్కనుంచే వచ్చింది గానీ తల తిప్పలేదు. గుడారం చేరి బూట్లు విప్పేసరికి కాలివేళ్లు కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి, గిల్లినా తెలియట్లేదు. పొడిగా ఉన్నదేదైనా చుట్టుకో, తొందరగా అన్నాడు ఫుర్బా. ఆ గుడారంలో పొడిగా ఉన్నది ఒక్కటే. ఆమె ఆలోచించిందా అంటే ఆలోచించింది, అంతసేపేమీ కాదు.

తెల్లారి గాలి ఇంకా పెరిగింది, ఉన్నపళంగా దిగాలన్నాడు ఫుర్బా. బతిమాలితే అతను ఆ గంట దూరం వెళ్లొచ్చేవాడేమో. ఆమె అడగలేదు. అడిగితే దుప్పటి ఇవ్వాలి, దుప్పటి ఆమె కాళ్లకుంది. ఖాట్మండులో డాక్టరు ఐదు వేళ్లు తీసేసి, మిగతా పాదాలు దక్కడం అదృష్టమనీ, చుట్టిన గుడ్డ ఏదో గాని మంచిదనీ అన్నాడు.

బాగియో బస్టాండులో బ్యాండు పెట్టారు. కెమెరాలు, పూలదండలు, స్కూలు పిల్లలు. చంకకర్రల మీద దిగిన జోవిత దగ్గరికి బయోసా జనాన్ని మోచేతుల్తో తోసుకుంటూ వచ్చింది. అభినందనలూ గట్రా ఏమీ లేవు. ఒక్కటే అడిగింది.

"కప్పావా?"

బ్యాండు ఆగింది. కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. లేదపో అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఆ ముసలి మొహం అంత దగ్గరగా ఉంది.

"కప్పాను."

"మెడ దాకానా?"

"మెడ దాకా."

మొదటి అబద్ధం కంగారులో వచ్చిందనుకోవచ్చు. రెండోదానికి ఆ వంక కూడా లేదు. జోవితని పదకొండేళ్లు తిన్నది ఆ రెండోదే.

ఆ వారంలో బయోసా పందిని కోసింది. ఊరంతా తిన్నది. పుల్దో తాత పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలిచి, మీ బిడ్డకి దుప్పటి అందింది, ఇక బెంగ లేదు అని చెప్పాడు. బతికున్నవాళ్లతో ఆడిన అబద్ధం అలా చచ్చినవాళ్ల దాకా పోయింది. మెడ దగ్గరి మంచి మాంసం జోవిత ఆకులో వేశారు. ఆమె తిన్నది. దుప్పటి అప్పుడు ఆమె ఇంట్లో, ట్రంకుపెట్టె అడుగున ఉంది.

ఆ పండగ తర్వాత కలలు ఆగిపోయాయి. దాంతో జోవితకి కాస్త ధైర్యం వచ్చింది. అయినా చచ్చినవాడికి చలేంటి, ముసలమ్మ బెంగే కల అయ్యింది, బెంగ తీరింది, కల ఆగింది అని చదువుకున్నదానిలా తనకి తాను చెప్పుకుంది. సగం కాలివేళ్లతోనే ఇంకో కొండ ఎక్కింది. ఆ తర్వాత కంపెనీ వేరే పిల్లని వెతుక్కుంది, బస్సుల మీది బొమ్మ మారింది. ఇప్పుడు యాభై దాటాయి. క్యారెట్లు, బంగాళాదుంపలు వేస్తుంది. ఏడాదికోసారి ఏదో ఒక బడివాళ్లు పిలిచి, పిల్లలకి ధైర్యం గురించి నాలుగు మాటలు చెప్పమంటారు. చెప్పి వస్తుంది.

క్యారెట్ల తొట్టి అలాగే వదిలేసి, జోవిత బయోసా ఇంటికి పోయింది. ముసలమ్మ గడపలో కూర్చునుంది, మగ్గం ఒక కొస స్తంభానికి, రెండో కొస నడుముకి. పడుగు అప్పుడే వంకర పోయింది.

"జోవితవేగా? నీ నడకే చెప్తుంది, కుంటికోడి నడక. రా, ఇందులో నల్లదారం ఏదో చూడు. నాకు నలుపూ నీలం ఒకటే అయిపోయాయి."

జోవిత కండె ఏరి చేతికిచ్చింది.

"నువ్వింక ఎక్కలేవు, తెలుసు నాకు. మీవాళ్లల్లో ఎవరైనా ఆ కొండకి పోయేవాళ్లుంటే చెప్పు. ఆ పాత దుప్పటి తీసేసి ఇది కప్పమను. తియ్యడానికి రాకపోతే దాని మీదే కప్పమను."

"అపో..."

"తొమ్మిది చారలంటే నెల పడుతుంది, కళ్లు లాగుతాయని ఐదుతో సరిపెట్టాను. కన్నతల్లిని, కొడుక్కి గుడ్డ కొలిచిచ్చాను చూడు. నాలాంటిది ఎక్కడైనా ఉంటుందా?"

జోవిత నోరు తెరిచింది. చెప్పాలనే తెరిచింది.

"కాఫీ కలపనా అపో?" అంది.

కలిపింది. ఇద్దరూ తాగారు. గిన్నెలు కడిగి ఇంటికొచ్చింది. మంచు గోడలు ఎక్కినదానికి ముసలమ్మ ముందు నాలుగు మాటలు నోటిదాకా ఎక్కలేదు. ట్రంకుపెట్టె ముందు చాలాసేపు కూర్చుంది. ఆ కళ్లతో ముసలమ్మ తొమ్మిది చారలూ నేస్తుంది. ఎవడో కుర్రాడు దాన్ని మోసుకుపోతాడు. పైన ఆ బండ మీద పాత దుప్పటి లేదని వాడు వచ్చి చెప్తాడు. ఆమెని భయపెట్టింది ఇదనుకుంటే పొరపాటు. ఒక్కో చార నేస్తూ ఆ తల్లి తనని తానే తిట్టుకుంటుంది, అదే జోవిత తట్టుకోలేకపోయింది. పెట్టె మూత తీసింది. కలరా ఉండల వాసన ఇల్లంతా కొట్టింది.

పొద్దు వాలకముందే మళ్లీ వెళ్లింది.

"మళ్లీ వచ్చావేం? కాఫీ సరిపోలేదా?" అంది బయోసా.

జోవిత దుప్పటి ఆమె ఒళ్లో పెట్టింది. ముసలి వేళ్లు దాని మీద ఒకసారి తిరిగాయి, నేత తెలిసినట్టు ఆగాయి, తర్వాత నెమ్మదిగా అంచు పట్టుకుని మూలకి పోయాయి. ముడి దగ్గర చూపుడువేలు, బొటనవేలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఉండిపోయాయి.

"ఇది నాది," అంది.

"అవునపో."

"ఇది ఇక్కడెందుకుంది?"

జోవిత చెప్పింది. ఏదీ తగ్గించలేదు. సంచిలోంచి తీసిన సంగతి, జెండా పెట్టుకున్న సంగతి, దిగొచ్చాక కప్పుతానన్న సంగతి, తల తిప్పకుండా దాటొచ్చిన సంగతి, అన్నీ వరసగా చెప్పింది. చెప్తున్నంతసేపూ బయోసా వేళ్లు దుప్పటి మీద నడుస్తూనే ఉన్నాయి.

"ఇక్కడ గట్టిగా ఉందేం?"

"నా కాళ్ల రక్తం అపో."

ముసలమ్మ నడుముకున్న మగ్గం పట్టీ విప్పేసింది. మూడు చారలు కూడా పడని నేత కింద జారింది.

"అయితే చారల తప్పు కాదన్నమాట. నా పిసినారితనం కాదన్నమాట," అంది. ఆ మాటన్నప్పుడు ఆమె మొహం ఒక్క క్షణం తేలికపడింది. తర్వాత అది కూడా పోయింది.

"ఒకటి చెప్తా విను. పండగైన మూడోరోజే వాడు వచ్చాడు. అమ్మా, చలేస్తోంది అన్నాడు. నేను కసిరాను. 'జోవిత కప్పింది. మెడ దాకా కప్పింది. కాలివేళ్లు పోగొట్టుకుని మరీ కప్పొచ్చింది. అబద్ధాలాడి ఆ పిల్లని ఊళ్లో తలెత్తుకోకుండా చేస్తావా? సిగ్గులేదూ?' అన్నాను. వాడు ఇంకేం మాట్లాడలేదు. వెళ్లిపోయాడు. అందుకే పదకొండేళ్లు రాలేదు జోవితా. వెచ్చగా ఉండి కాదు. నేను పొమ్మన్నాను గనక."

జోవిత ఆ గడపలోనే కూర్చుంది. కలలు ఆగాయని ఎన్ని రాత్రులు హాయిగా నిద్రపోయిందో ఇప్పుడు గుర్తొచ్చింది.

"నన్ను క్షమించపో," అంది, ఏడుస్తూ.

"నన్నడుగుతావేం? చలిలో ఉన్నది నేనా?"

బయోసా గుమ్మంవైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు, ఎదురు కొండ మీది ఎండ మాత్రం ఉంది. "నాయనా, నిజం చెప్పినందుకు తిట్టాను నిన్ను," అంది. "పరాయివాళ్ల మాట నమ్మి కడుపున పుట్టినవాణ్ణి కాదన్నాను. మొన్న వచ్చి గుమ్మంలోనే నిలబడ్డావే, లోపలికి రావడానికి భయపడ్డావా? ఇంకెప్పుడూ తిట్టను, రా." జోవిత వినకూడని మాటలవి. కానీ లేచి వెళ్లే హక్కు తనకి లేదని కూర్చునే వింది.

ముసలమ్మ కళ్లు తుడుచుకుని దుప్పటి మడిచింది. "నేను పోయేటప్పుడు ఇది నా చేతికియ్యండి. నా ఒంటికి ఇంకోటి ఏదైనా కప్పండి, ఇది మాత్రం చేతికి. నేనే పట్టుకెళ్లి కప్పుతా. ఇచ్చేది నువ్వే, అందరి ముందూ ఇవ్వాలి."

"అలాగే అపో."

"మనవాళ్లంతా చచ్చాక పులాగ్ మీదికి పోతారు. వాడున్నది అక్కడ కాదు. ఆ కొండకి దారి నాకు తెలీదు. చెప్పు."

జోవిత చెప్పింది. ఎన్నో సభల్లో చెప్పిన కథే, కానీ దారి అడిగినవాళ్లు ఇంతకుముందు ఎవరూ లేరు.

"రాళ్ల నది పక్కనే తొమ్మిది రోజులు నడవాలపో. తర్వాత మంచు మొదలవుతుంది. మొదటి మకాం దాటాక పగుళ్లుంటాయి, వాటి మీద నిచ్చెనలు పరిచుంటాయి. కిందికి చూడకు."

"నాకు చూసినా కనపడదులే."

"రెండో మకాం, మూడో మకాం. మూడోది దాటాక దారి రెండుగా చీలుతుంది. ఎడమది పట్టాలి. కుడిది బాగున్నట్టే ఉంటుంది, లోయలోకి పోతుంది. ఎడమకి తిరిగి, తాడు పట్టుకుని చివరి మకాం దాకా ఎక్కాలి. అక్కడినుంచి ఒక గంట. అరుగులాంటి బండ. ఎర్ర కోటు."

"ఎన్ని రోజులు పడుతుంది?"

"నాకు నలభై రోజులు పట్టింది. ఊపిరికి అలవాటు పడాలి కదా, ఆగి ఆగి ఎక్కాలి."

"చచ్చినదానికి ఊపిరి గొడవేంటే," అంది బయోసా. "మళ్లీ మొదట్నుంచి చెప్పు."

మళ్లీ చెప్పింది. ఆ తర్వాత వారానికోసారి పిలిపించుకుని చెప్పించుకునేది. పాఠం అప్పజెప్పే పిల్లలా తిరిగి చెప్పేది కూడా. ఎప్పుడూ మూడో మకాం తర్వాతే తడబడేది.

డిసెంబరు చలిలో ముసలమ్మ పోయింది. ఆఖరి నెల రుఫీనా వెళ్లి ఒళ్లు తుడిచి, గంజి పట్టింది. అప్పటికి ఊరికంతా సంగతి తెలుసు. బయోసాయే చెప్పింది. జోవితని ఎవరూ ఒక్క మాట అనలేదు, ఎవరూ ఆమె పక్కన కూర్చోనూ లేదు. పెట్టె మూసేముందు ఆమె కుంటుకుంటూ వెళ్లి, మడిచిన దుప్పటి ముసలమ్మ చేతుల కింద పెట్టి, వేళ్లు ముడి మీద ఆనేలా సర్దింది.

"ఇచ్చావా?" అన్నాడు పుల్దో తాత, అందరికీ వినపడేలా.

"ఇచ్చాను."

"ఈసారి మేం చూశాం," అని ఆయన పెద్దల పేర్లు పిలవడం మొదలెట్టాడు. వెళ్లేటప్పుడు జోవితకి మాంసం వాటా ఇచ్చారు, అందరికీ ఇచ్చినంతే. ఆమె తీసుకుంది.

ఆ రోజునుంచి జోవిత పడుకునేముందు తలుపు గడియ వెయ్యడం మానేసింది. ముసలమ్మ వస్తుందని, వచ్చి చేరానో లేదో చెప్తుందని. కొడుకైనా వస్తాడని, వచ్చి తిడతాడని. తిట్టినా చాలుననుకుంది. ఎవరూ రాలేదు.

నెల తిరిగాక ఒక పొద్దున్న ఆమె క్యారెట్లు కడుగుతుంటే రుఫీనా కంచె అవతల వచ్చి నిలబడింది. చెప్పాలా వద్దా అన్నట్టు సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది.

"బయోసా అపో కల్లోకి వచ్చింది," అంది చివరికి. "చంకలో దుప్పటి ఉంది. ఒళ్లంతా మంచు. మూడో మకాం దాటిందట."

జోవిత లేచి నిలబడింది. "ఏమంది?"

"అక్కడినుంచి కుడికా ఎడమకా, మర్చిపోయాను, జోవితని అడిగి చెప్పు అంది."

"నన్నే అడగొచ్చుగా?"

రుఫీనా నేల చూసింది. "నేనూ అదే అన్నానే. అలా నిలబడే ఉంది, సమాధానం కోసం."

జోవిత తడిచేతులు గౌనుకి తుడుచుకుంది. తుడిచినవే మళ్లీ తుడుచుకుంది.

"ఎడమకని చెప్పు," అంది.